140 పేజీలు రాశాక దొరికిన ప్రశ్న: మెమొయిర్‌కి థీమ్, నిర్మాణం ఎలా వస్తాయి

నా మొదటి డ్రాఫ్టు 140 పేజీలు వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచి మొదటి ఉద్యోగం దాకా గుర్తున్నదల్లా వరుసపెట్టి రాసేశాను. ఎక్కడా అబద్ధం లేదు, భాష కూడా మరీ తీసిపారేసేలా ఏం లేదు. ఒక స్నేహితురాలికి చదవమని ఇస్తే పది రోజుల తర్వాత తిరిగిచ్చి "అన్నీ ఉన్నాయి" అంది. అది పొగడ్త అనుకుని నేను మురిసిపోయే లోపే, "ఇంతకీ ఇది దేని గురించి?" అని అడిగింది. "నా చిన్నతనం గురించి" అన్నాను. "అది తెలుస్తోందిలే. దేని గురించి అని అడుగుతున్నా" అంది.

ఆ రోజు కోపం వచ్చింది. కానీ మెమొయిర్, అంటే సొంత జ్ఞాపకాల పుస్తకం, రాయడానికి కూర్చున్నవాళ్లు చాలామంది ఎప్పుడో ఒకప్పుడు వచ్చి ఆగిపోయేది ఇక్కడే. జ్ఞాపకాలకి కొదవ ఉండదు, రాసే ఓపికా ఉంటుంది, పేజీలూ పెరుగుతూనే ఉంటాయి, అయినా అవన్నీ కలిసి ఒక పుస్తకంగా కట్టుకోవు. దానికి మనం సాధారణంగా చేసే వైద్యం ఇంకా కొన్ని జ్ఞాపకాలు చేర్చడం. జబ్బు ముదురుతుంది.

ఆత్మకథకీ మెమొయిర్‌కీ తేడా ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే ఉంది. ఆత్మకథ జీవితం మొత్తానికి లెక్క అప్పజెబుతుంది. మెమొయిర్ ఆ జీవితంలోంచి ఒక పాయని మాత్రమే పట్టుకుంటుంది. అందుకే ఒక మనిషి ఆత్మకథ మామూలుగా ఒక్కసారే రాస్తాడు, మెమొయిర్లు మాత్రం ఒక్కో పాయ గురించి ఒక్కోటి చొప్పున నాలుగైనా రాసుకోవచ్చు. ఈ గీత అన్నిచోట్లా అంత గట్టిగా ఉండదనుకోండి. గాంధీ 1925 నుంచి 1929 దాకా నవజీవన్ పత్రికలో విడతలుగా రాసినదాన్ని మనమంతా ఆత్మకథ అనే పిలుస్తాం, కానీ తను రాయబోయేది అసలు సిసలు ఆత్మకథ కాదనీ, సత్యంతో తను చేసిన ప్రయోగాల కథ మాత్రమేననీ ఆయన ముందుమాటలోనే చెప్పేశారు. ఆ ఒక్క మాట ఆయనకి ఎంత పని చేసిపెట్టిందో చూడండి. దేశ రాజకీయాల్లో అంతటి మనిషి, ఏం తినాలి ఏం మానాలి అన్నదాని మీద అన్ని అధ్యాయాలు ఎందుకు రాశాడా అన్న అనుమానమే మనకి రాదు. అవీ ప్రయోగాలే మరి. ఏది లోపలికి రావాలో ఏది బయట ఉండాలో ముందే తేలిపోయింది.

థీమ్ చేసే పని అదే, కాపలా కాయడం. అలంకారమో సందేశమో అనుకుంటే దాన్ని ఎప్పటికీ పట్టుకోలేం.

వస్తువు వేరు, థీమ్ వేరు

మన సాహిత్య విమర్శలో వస్తువు (ఏం చెబుతున్నాం), శిల్పం (ఎలా చెబుతున్నాం) అనే జంట మాటలు చాలాకాలంగా ఉన్నాయి. మెమొయిర్ దగ్గరికి వచ్చేసరికి ఈ రెండింటి మధ్యా మూడోది ఒకటి దూరుతుంది. అమ్మకి క్యాన్సర్ రావడం, విడాకులు, వలస వెళ్లడం, తాగుడు మానేయడం, ఇవన్నీ వస్తువులు. అంటే జరిగిన సంగతులు. ఇవి ఎవరి జీవితంలోనైనా ఉండొచ్చు. వీటి నుంచి ఈ రాసే మనిషి తేల్చుకోవాలనుకుంటున్నది ఏమిటి అన్నది థీమ్. వివియన్ గోర్నిక్ అనే అమెరికన్ రచయిత్రి 2001లో ఈ రెండింటినీ పరిస్థితి, కథ అని విడదీసి చెప్పింది. పరిస్థితి అంటే జరిగినది, కథ అంటే అందులోంచి రాసే మనిషికి అర్థమైనది. మాటలు ఏవైనా తేడా అదే.

ఇక్కడ చాలామంది ఒక అడుగు వేసి ఆగిపోతారు. "నా థీమ్ దుఃఖం" అంటారు, "నా థీమ్ అస్తిత్వం" అంటారు. అలాంటి ఒంటి మాటల వల్ల పేజీ మీద ఏ ఉపయోగమూ ఉండదు. దుఃఖం అనే మాట కింద ఏ జ్ఞాపకమైనా పట్టేస్తుంది, దేన్నీ బయటికి తోసెయ్యదు, అంటే కాపలా కాయదు. థీమ్‌ని ప్రశ్నగా రాసి చూడండి. అదీ మీకు ఇప్పటికే జవాబు తెలిసిన ప్రశ్న కాకూడదు. "నాన్న చనిపోయాక నేను ఎలా తట్టుకున్నాను" అన్నది ప్రశ్నలా కనిపిస్తుంది కానీ జవాబు అందులోనే ఉంది, తట్టుకున్నారు, సంతోషం. "నాన్న పోయినప్పుడు నాకు ఏడుపు రాకపోగా ఎందుకు తేలిగ్గా అనిపించింది" అన్నది వేరు. దీన్ని రాసే మనిషికి చెయ్యి వణుకుతుంది. చదివేవాళ్లు పేజీ తిప్పుతారు.

ఇంకోటి, థీమ్‌ని ముందే నిర్ణయించుకుని రాయాలి అనే సలహా తరచు వినిపిస్తుంది. నాకది నచ్చదు. ముందే పెట్టుకున్న థీమ్ చాలాసార్లు మన గురించి మనం నలుగురికీ చెప్పుకునే కథే అయి ఉంటుంది, అంటే నేను కష్టపడి పైకొచ్చాను, నేను అందర్నీ క్షమించాను, ఈ రకం. అసలు సంగతి దాని కిందెక్కడో ఉంటుంది. కొంత చెత్త రాస్తే గానీ బయటికి రాదు. నా 140 పేజీలు దండగ కాలేదని నన్ను నేను ఓదార్చుకుంటున్నానేమో కూడా, ఏమో.

పిలవకుండా వచ్చే జ్ఞాపకాలు

మా నాన్నది బదిలీల ఉద్యోగం. నాకు పదిహేడేళ్లు వచ్చేసరికి పదకొండు ఇళ్లు మారాం. నా డ్రాఫ్టంతా ఆ ఇళ్ల గురించే, కొత్త స్కూళ్లు, కొత్త స్నేహాలు, మళ్లీ వీడ్కోళ్లు. థీమ్ ఏమిటంటే "వేళ్లు లేకపోవడం" అని చెప్పేదాన్ని, చాలా గంభీరంగా.

స్నేహితురాలి మాట తర్వాత డ్రాఫ్టు పక్కన పడేసి ఒక పని చేశాను. ఒక నోట్‌బుక్కులో, వరుస చూసుకోకుండా, ప్రాముఖ్యం చూసుకోకుండా, వాటంతటవే గుర్తొచ్చే దృశ్యాలని ఒక్కో వాక్యంలో రాసుకుంటూ పోయాను. "ఆరో తరగతిలో స్కూలు మారాను" లాంటి సమాచారానికి చోటివ్వలేదు, కంటికి కనిపించేవే రాశాను. రెండు వారాల్లో పందొమ్మిది వచ్చాయి. వాటిని చూస్తే మొదట తట్టింది, అందులో స్కూలు రెండే రెండుసార్లు ఉంది, నాన్న ఎక్కడా సరిగ్గా లేడు, పన్నెండింట్లో మాత్రం అమ్మ ఉంది. అట్టపెట్టెకి తాడు కడుతున్న అమ్మ. ఖాళీ అయిన గది ఊడుస్తున్న అమ్మ, ఇక ఆ గదిలో ఎవరూ ఉండబోవడం లేదని తెలిసి కూడా. ఏ ఇంట్లోనూ విప్పని ఒక పెట్టె మీద కూర్చుని కిటికీలోంచి చూస్తున్న అమ్మ. అప్పుడు అర్థమైంది, నేను వేళ్ల గురించి రాయడం లేదు. పదకొండుసార్లలో ఒక్కసారైనా అమ్మ "నేను రాను" అని ఎందుకు అనలేదు, నేనూ నా సంసారంలో అలాగే నోరు మూసుకుని ఎందుకు ఉంటున్నాను, ఇదీ నన్ను తొలుస్తున్నది. రెండో సగం ఒప్పుకోవడానికి ఇంకో నెల పట్టింది.

ఈ పద్ధతి పనిచేయడానికి కారణం జ్ఞాపకం స్వభావంలోనే ఉంది. జ్ఞాపకం జరిగినదాన్ని జరిగినట్టు దాచిపెట్టే బీరువా కాదనీ, గుర్తు చేసుకున్న ప్రతిసారీ కొత్తగా కూర్చుకునేదనీ బ్రిటిష్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే ప్రయోగాలతో చూపించాడు. పైగా అన్ని వయసులూ సమానంగా గుర్తుండవు. నలభై దాటినవాళ్లని జీవితంలోంచి జ్ఞాపకాలు చెప్పమంటే పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్యవి మిగతా వయసుల కంటే ఎక్కువగా బయటికొస్తాయి, మనస్తత్వ శాస్త్రంలో బాగా స్థిరపడ్డ సంగతి ఇది. అంటే మనం పెన్ను పట్టుకునే లోపే మెదడు మనకోసం ఒక ఎంపిక చేసిపెట్టింది. వందల రోజులు వదిలేసి అట్టపెట్టెకి కట్టిన తాడుని ఎందుకు దాచింది అన్నది అడగదగ్గ ప్రశ్నే.

అదే జ్ఞాపకం ఎంత నమ్మకంగా తప్పు చెబుతుందో కూడా తెలిసి ఉండాలి. 1986 జనవరిలో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన మర్నాడు అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం విద్యార్థుల చేత, ఆ వార్త ఎక్కడ ఎలా విన్నారో రాయించారు. రెండున్నరేళ్లు దాటాక వాళ్లలో 44 మందిని మళ్లీ అదే అడిగారు. నాలుగో వంతు మంది చెప్పినది మొదట రాసినదానితో ఏ ముఖ్యమైన వివరంలోనూ కలవలేదు, అయినా చాలామంది తమకి బాగా గుర్తుందనే చెప్పారు. వాళ్ల చేతిరాతే చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. మెమొయిర్ రాసేవాళ్లకి ఇది భయపెట్టే సంగతే. నేనైతే దీన్ని ఇలా తీసుకున్నాను: తేదీలు, ఎవరెవరు ఉన్నారు, ఎవరు ముందు అన్నారు లాంటివి పాత ఉత్తరాలతో, ఫొటోలతో, ఇంట్లోవాళ్లతో సరిచూసుకోవాలి. సరిపోలకపోతే ఆ తేడాని దాచకుండా రాయాలి. నాకు అలా ఎందుకు గుర్తుండిపోయింది అన్నది కూడా కథే కాబట్టి. గుర్తులేని చోట కల్పించి నింపేసి నిజమని అమ్మడం మాత్రం చేయకూడదు, అక్కడ నాకు ఏ మొహమాటమూ లేదు.

ఇద్దరు నేనులు

నిర్మాణం గురించి మాట్లాడేముందు ఇది తేల్చుకోకపోతే ఏ నిర్మాణమూ నిలబడదు. మెమొయిర్‌లో "నేను" అన్న మాట వెనక ఇద్దరు ఉంటారు. పెట్టె పక్కన నిలబడి ఏమీ అర్థం కాక చూస్తున్న తొమ్మిదేళ్ల పిల్ల ఒకరు. నలభై ఆరేళ్లకి ఇప్పుడు టేబుల్ ముందు కూర్చుని ఆ పిల్లని చూస్తున్న మనిషి ఇంకొకరు. మొదటి మనిషి మాత్రమే మాట్లాడితే అది సంఘటనల చిట్టా అవుతుంది. రెండో మనిషే మాట్లాడితే ఉపన్యాసం. మెమొయిర్‌లో ఉత్కంఠ చాలావరకు ఈ ఇద్దరికీ మధ్య ఉన్న ఎడం వల్లే పుడుతుంది, ఎందుకంటే ఏం జరిగిందన్నది చాలాసార్లు చదివేవాళ్లకి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. పోయినవాళ్లు పోయారని అట్ట మీదే ఉంటుంది. తెలియంది, ఆ పిల్ల ఈ మనిషి ఎలా అయింది అన్నది.

కాబట్టి అధ్యాయం రాస్తున్నప్పుడల్లా ఇక్కడ ఎవరు చూస్తున్నారు, వాళ్లకి ఎంత తెలుసు అని మనల్ని మనం అడిగి చూసుకుంటే చాలు. తొమ్మిదేళ్ల పిల్ల చేత "అమ్మ అణచివేతకి గురవుతోందని గ్రహించాను" అనిపించకూడదు. ఆ పిల్ల చూసింది తాడుని మాత్రమే. (నేను మొదటి డ్రాఫ్టులో సరిగ్గా ఆ వాక్యమే రాశాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.)

నిర్మాణం ఎక్కడినుంచి వస్తుంది

ప్రశ్న దొరికాక నిర్మాణం సగం దానంతటదే వస్తుంది. ప్రశ్న ఎప్పుడు మొదలైందో పుస్తకం అక్కడే మొదలవ్వాలి. పుట్టుకతో మొదలుపెట్టడం అలవాటు తప్ప అవసరం కాదు. ప్రశ్న ఎక్కడ రూపం మార్చుకుంటుందో అక్కడ పుస్తకం ఆగొచ్చు. మధ్యలో ఉండేవి ఆ ప్రశ్నని బిగించే, మలుపు తిప్పే, తప్పుదారి పట్టించే దృశ్యాలు.

కాలక్రమం పాతబడిన పద్ధతేం కాదు. ఎదుగుతూ అర్థం చేసుకోవడమే కథ అయినప్పుడు అంతకంటే మంచి దారి లేదు. దాని ప్రమాదమల్లా "ఆ తర్వాత" అనే మాట. నా డ్రాఫ్టులో దృశ్యాల్ని ఒక్కోటి ఒక్కో చీటీ మీద రాసి, వరుసగా పేర్చి, రెండు చీటీల మధ్య ఏ మాట పడుతుందో చూశాను. "అందువల్ల", "అయినా", "తీరా చూస్తే" లాంటివి పడితే కథ నడుస్తోంది. "ఆ తర్వాత" తప్ప ఏదీ పడకపోతే అక్కడ డైరీ నడుస్తోంది. నాకు వరుసగా పద్నాలుగు చోట్ల "ఆ తర్వాత" పడింది.

కాలాన్ని కుదించి చట్రంగా పెట్టుకోవడం ఇంకో దారి. అమెరికన్ రచయిత్రి జోన్ డిడియన్ భర్త 2003 డిసెంబరు 30 రాత్రి, భోజనానికి కూర్చున్న చోటే కుప్పకూలి చనిపోయాడు. ఆవిడ 2005లో వెలువరించిన మెమొయిర్ ఆ తర్వాతి ఒక్క ఏడాదిలోనే నడుస్తుంది. దాదాపు నలభై ఏళ్ల కాపురం అందులోకి జ్ఞాపకాలుగా మాత్రమే వస్తుంది, అవసరమైనంత మేరకే. ఆయన తిరిగొస్తే కావాలి కదా అని బూట్లు ఎవరికీ ఇవ్వలేకపోవడం దగ్గర ఆ పుస్తకం ప్రశ్న మొత్తం కనిపిస్తుంది: మనిషి పోయాడని తెలిసిన బుద్ధి, లోపల ఎందుకు నమ్మదు? ఏడాది గడువు ఆ ప్రశ్నకి సరిపోయే చట్రం. చట్రం చిన్నది కావడం వల్ల కథ చిన్నదైపోలేదు.

అసలు కాలంతో సంబంధం లేని చట్రాలూ ఉంటాయి. ఇటలీ రచయిత ప్రీమో లేవి వృత్తిరీత్యా రసాయన శాస్త్రవేత్త, నాజీల ఆష్విట్జ్ మృత్యు శిబిరం నుంచి బతికి బయటపడ్డవాడు. ఆయన 1975లో తెచ్చిన పుస్తకంలో 21 అధ్యాయాలు, ఒక్కోదానికి ఒక్కో మూలకం పేరు, చివరిది కార్బన్. మ్యాగీ ఓఫారెల్ అనే నవలా రచయిత్రి 2017లో తన జీవితాన్ని చావు అంచుదాకా వెళ్లొచ్చిన 17 సందర్భాలుగా రాసింది, అధ్యాయాలకి శరీర భాగాల పేర్లు, ఏళ్లు ముందువెనకలుగా. ఇలాంటివి చూడగానే మనకీ ఏదో ఒక తమాషా పట్టిక పెట్టేయాలనిపిస్తుంది, వంటల పేర్లో రాగాల పేర్లో. ఆగండి. లేవికి పదార్థాన్ని అర్థం చేసుకోవడమే బతుకుని అర్థం చేసుకునే దారి, మూలకాలు ఆయన చూపులోనే ఉన్నాయి. మీ పట్టికకీ మీ ప్రశ్నకీ అలాంటి బంధుత్వం లేకపోతే మూడో అధ్యాయానికే అతుకులు కనిపిస్తాయి. తీసేసినా కథకి ఏమీ కాని చట్రం అయితే, తీసేయడమే మంచిది.

రెండు కాలాల్ని జడలా అల్లడం ఇప్పుడు బాగా ఫ్యాషన్, ఒక అధ్యాయం అప్పుడు, ఒక అధ్యాయం ఇప్పుడు. నేనూ ప్రయత్నించాను. నాలుగు నెలలు పోయాయి. చిక్కు ఏమిటంటే రెండు పాయలూ సమానంగా బలంగా ఉండాలి, ఒక పాయలో తెలిసింది రెండోదాని అర్థాన్ని మార్చాలి. నా "ఇప్పుడు" పాయలో నేను ఊరికే కాఫీ తాగుతూ గుర్తు చేసుకోవడం తప్ప ఏమీ జరగలేదు. చివరికి పదకొండు ఇళ్లలో నాలుగింటినే ఉంచాను, ప్రతి ఇంట్లోనూ ఆ విప్పని పెట్టె ఎక్కడ పెట్టారన్నదాన్ని పట్టుకుని కాలక్రమంలోనే నడిపించాను. పెద్ద శిల్ప చాతుర్యం ఏమీ లేదు, కానీ నిలబడింది.

వదిలెయ్యడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ అందరికీ ప్రాణం విలవిల్లాడుతుంది. నా డ్రాఫ్టులో అందరూ మెచ్చుకున్న అధ్యాయం ఒక లెక్కల మాస్టారి గురించి. నవ్వొస్తుంది, చివర్లో కళ్లు చెమరుస్తాయి. అమ్మ నోరు విప్పకపోవడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. రెండు నెలలు దాన్ని ఎక్కడో ఒకచోట ఇరికించాలని చూసి, ఆఖరికి వేరే ఫైల్లోకి మార్చాను. మెమొయిర్‌లోంచి తీసేసినంత మాత్రాన జీవితంలోంచి తీసేసినట్టు కాదు. విడి వ్యాసంగా బతుకుతుంది.

ముగింపు ఇంకో టెన్షన్. రాసే మనిషి ఇంకా బతికే ఉన్నాడు కాబట్టి కథ సహజంగా ఎక్కడా ముగియదు. గాంధీ తన కథని 1920 ప్రాంతం దాకా తెచ్చి ఆపేశారు, ఆ తర్వాతి జీవితమంతా బహిరంగమే కాబట్టి జనానికి తెలియనిదంటూ పెద్దగా ఏమీ లేదని కారణం చెప్పి. ఆయన ఇంకా పాతికేళ్లకు పైగా బతికారు, ఆ పాతికేళ్లూ లేకపోయినా ఆ పుస్తకం అసంపూర్ణం అనిపించదు. ప్రశ్నకి జవాబు దొరికి తీరాలని కూడా లేదు. మొదట్లో నేను "అమ్మ ఎందుకు అనలేదు" అని అడుగుతున్నాను. చివరికి వచ్చేసరికి "అమ్మ అన్నదేమో, మేం వినలేదేమో" అన్న దగ్గర ఉన్నాను. ప్రశ్న మారింది, అక్కడ ఆపాను.

ఇప్పుడు డ్రాఫ్టు 96 పేజీలు. మొదటి అధ్యాయం అమ్మకి చదివి వినిపించాను, పెట్టె మీద కూర్చుని కిటికీలోంచి చూస్తున్న దృశ్యం దాకా. అమ్మ ఆపి, "ఆ ఇంట్లో ఆ గోడకి కిటికీ లేదు" అంది. లేదేమో. పాత ఫొటోలు వెతికాను, ఆ గోడ ఒక్క ఫొటోలోనూ పడలేదు. కిటికీని అలాగే ఉంచి, దాని కిందే అమ్మ అన్న మాట కూడా రాశాను. మరి అప్పుడు ఏం చూస్తూ కూర్చున్నావని అడిగితే అమ్మ ఏమీ చెప్పలేదు, తర్వాతి అధ్యాయం చదవమంది.